మీకు తెలుసా? ఓడను పైకి తీయడం ఒక ఎత్తు, కాపాడటం మరో ఎత్తు!

కోటలు, గుళ్లు కట్టినచోటే నిలిచి ఉంటాయి. ఓడల సంగతి అలా కాదు. పనికొచ్చినన్నాళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత మునిగిపోతాయి, లేదంటే విరిచి కలప కింద, ఇనుము కింద అమ్మేస్తారు. అందుకే తరతరాలుగా సముద్రం మీద బతికిన జాతుల దగ్గర కూడా పాత ఓడ ఒక్కటైనా మిగలడం అరుదు. మిగిలిన ఆ కొన్నింటిని మ్యూజియాలు ఎలా కాపాడుకొస్తున్నాయో చూస్తే ఓడ మీద గౌరవం రెట్టింపవుతుంది. కాపాడేవాళ్ల మీద గౌరవం అంతకంటే పెరుగుతుంది. స్టాక్‌హోమ్ నుంచి విశాఖపట్నం, మోటుపల్లి, కోరంగి దాకా అలాంటి కొన్ని సంగతులు...

ఓడలను తినే పురుగు

మునిగిన చెక్క ఓడకు నీటికన్నా పెద్ద శత్రువు ఓడపురుగు. చూడటానికి పురుగులా ఉన్నా ఇది ఆల్చిప్పల జాతి జీవి. చెక్కకు బెజ్జం పెట్టి లోపలికి దూరి, తొలుచుకుంటూ పోతుంది. ఉప్పదనం ఎక్కువగా ఉండే సముద్రాల్లో పెద్ద పెద్ద దూలాలను కూడా ఇది గుల్ల చేసేస్తుంది. బాల్టిక్ సముద్రంలో మాత్రం ఉప్పు చాలా తక్కువ. అక్కడ ఈ పురుగు బతకలేదు. ఈ ఒక్క కిటుకు పట్టుకునే స్వీడన్‌కు చెందిన ఆండర్స్ ఫ్రాన్‌జేన్ స్టాక్‌హోమ్ రేవులో పాత యుద్ధనౌక కోసం గాలించాడు. 1956లో ఆయన తాడు కట్టి నీళ్లలోకి వదిలిన పరికరం నల్లబడిన ఓక్ చెక్క ముక్కను పైకి తెచ్చింది. అడుగున ఉన్నది ‘వాసా’ అని అలా తెలిసింది.

తొలి ప్రయాణం 1,300 మీటర్లే

వాసా స్వీడన్ రాజు గుస్తావస్ అడాల్ఫస్ ముచ్చటపడి కట్టించుకున్న యుద్ధనౌక. దానిమీద 64 ఫిరంగులు. 1628 ఆగస్టు 10న జనమంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా బయల్దేరింది. సుమారు 1,300 మీటర్లు వెళ్లిందో లేదో, ఒక గాలి విసురుకు పక్కకు ఒరిగింది. తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి. ఓడ అక్కడికక్కడే 32 మీటర్ల లోతుకు వెళ్లిపోయింది. సుమారు 30 మంది ప్రాణాలు పోయాయి.

కారణం పైభాగం బరువు. ఫిరంగులతో నిండిన రెండు అంతస్తులు పైన ఉంటే, వాటిని నిలబెట్టే వెడల్పు, బరువు అడుగున చాల్లేదు. ఇది ముందే తెలియక కాదు. ప్రయాణానికి ముందు రేవులోనే 30 మంది నావికులను డెక్ మీద ఆ పక్క నుంచి ఈ పక్కకు పరుగెత్తించి పరీక్షించారు. మూడు పరుగులకే ఓడ ప్రమాదకరంగా ఊగడంతో పరీక్ష ఆపేశారు. ప్రయాణం మాత్రం ఆపలేదు.

వడ్రంగుల సామాన్లలో దొరికిన సాక్ష్యం

ఓడ లోపల వడ్రంగుల కొలబద్దలు నాలుగు దొరికాయి. వాటిలో రెండు స్వీడన్ అడుగు లెక్కవి, అంటే అడుగుకు 12 అంగుళాలు. మిగతా రెండూ ఆమ్‌స్టర్‌డామ్ అడుగు లెక్కవి, అడుగుకు 11 అంగుళాలే. ఒకే ఓడ మీద, ఒకే సమయంలో, రెండు కొలతలతో పని జరిగింది! ఓడ ఎడమవైపు, కుడివైపు అచ్చంగా సమానంగా లేవని తర్వాతి పరిశోధకులు కనిపెట్టారు. ఓడతోపాటు పనివాళ్ల సామాన్లు కూడా ఎందుకు దాచాలో ఆ చిన్న కొలబద్దలు చెబుతాయి. ఓడ మునిగాక దొరలు పెట్టిన విచారణలో తేలనిది, 300 ఏళ్ల తర్వాత ఒక వడ్రంగి సామాను చెప్పింది.

17 ఏళ్లపాటు ఆగని జల్లు

గజ ఈతగాళ్లు ఓడ కింద బురదలో ఆరు సొరంగాలు తవ్వి, వాటిలోంచి ఉక్కు తాళ్లు దూర్చి, అంచెలంచెలుగా లేపితే 1961 ఏప్రిల్ 24న వాసా నీటిపైకి వచ్చింది. 333 ఏళ్ల తర్వాత. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

అన్నేళ్లు నీళ్లలో నానిన చెక్క చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది. కానీ దాని కణాల్లోని సారమంతా కరిగిపోయి, ఆ జాగాలో నీళ్లు నిండి ఉంటాయి. ఆ నీళ్లే చెక్కను నిలబెడుతుంటాయి. గాలికి వదిలేస్తే నీరు ఆవిరై, ఎండబెట్టిన ఉసిరికాయలా చెక్క ముడుచుకుపోయి పగుళ్లిస్తుంది. అందుకని నీటి స్థానంలోకి మరో పదార్థాన్ని ఎక్కించాలి. దానికోసం మైనంలాంటి గుణమున్న పాలీ ఇథిలీన్ గ్లైకాల్‌ను నీళ్లలో కలిపి ఓడంతా తడిసేలా చల్లడం మొదలుపెట్టారు. 1962లో మొదలైన ఆ జల్లు 1979 దాకా సాగింది. తర్వాత మరో తొమ్మిదేళ్లు మెల్లమెల్లగా ఆరబెట్టారు. జల్లు సాగినన్నాళ్లూ జనం వచ్చి, ఆ తుంపర్ల మధ్యనే ఓడను చూసి వెళ్లేవారు. 1990లో వాసాకు సొంత మ్యూజియం తెరిచారు. ఇప్పుడు మనం చూసే ఓడలో 98 శాతం అసలు కలపే.

రక్షించిన మురికే శిక్షించింది

వాసా అంత చక్కగా మిగలడానికి స్టాక్‌హోమ్ రేవులోని మురికినీరు కూడా ఒక కారణం. ఆ నీటిలో ఆక్సిజన్ తక్కువ కావడంతో చెక్కను కుళ్లబెట్టే జీవులు పెరగలేదు. అయితే ఆ మురికిలోని గంధకం వందల ఏళ్లపాటు చెక్కలోకి ఇంకిపోయింది. ఓడ గాలి తగిలే చోటికి వచ్చాక, మేకుల ఇనుము తోడై, ఆ గంధకం ఆమ్లంగా మారడం మొదలైంది. 2000 సంవత్సరంలో వానలు ఎక్కువై, సందర్శకుల తడిబట్టలతో మ్యూజియంలో తేమ పెరిగినప్పుడు ఓడ ఒంటినిండా తెల్లటి, పసుపుపచ్చటి మచ్చలు పొడచూపాయి.

అప్పటినుంచి గాలిలో తేమనూ వేడినీ ఏడాది పొడవునా అదుపులో పెడుతున్నారు. 2011 నుంచి 2018 మధ్య 5,000కు పైగా తుప్పుపట్టిన బోల్టులు తీసి, తుప్పుపట్టని ఉక్కువి బిగించారు. ఓడ తన బరువుకు తానే కుంగుతోందేమో అని క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. దాన్ని మోసే ఊతాలను కూడా కొత్తగా కడుతున్నారు. ఓడ పైకి వచ్చి 60 ఏళ్లు దాటినా పని పూర్తికాలేదు. పూర్తయ్యే పని కాదని వాళ్లకూ తెలుసు.

సగం ఓడే మిగిలింది

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక ‘మేరీ రోజ్’ 1545లో ఆయన కళ్లముందే మునిగింది. 1982 అక్టోబరు 11న పైకి తీస్తే వచ్చింది సుమారు సగమే. బురదలో కూరుకుపోయిన కుడివైపు నిలిచింది, నీటికి తెరిచి ఉన్న ఎడమవైపు నశించింది. ఆ సగంతోపాటు 19,000కు పైగా వస్తువులు దొరికాయి. దువ్వెనలు, చెప్పులు, విల్లంబులు, వైద్యుడి పెట్టె. రాజుల చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఓ మామూలు నావికుడు ఏం తొడిగాడో, ఏ గిన్నెలో తిన్నాడో ఈ బురదే చెప్పింది.

విప్పి ఉంచడంతో బతికింది

1869లో నీళ్లలోకి దిగిన ‘కటీ సార్క్’ చైనా నుంచి లండన్‌కు తేయాకు తెచ్చిన తెరచాపల ఓడ. 2007 మే 21న గ్రీనిచ్‌లో దానికి నిప్పంటుకుంది. ఇక ఏమీ మిగలదనే అనుకున్నారు. మరమ్మతుల కోసం అప్పటికే తెరచాప కొయ్యలు, చాలా చెక్క పలకలు విప్పి వేరేచోట భద్రపరచడంతో ఓడ బతికిపోయింది. 2012లో మళ్లీ జనం ముందుకొచ్చింది.

మళ్లీ కడితేనే తెలిసిన విద్య

డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఫ్యోర్డులో 11వ శతాబ్దంలో శత్రువులు రాకుండా దారి మూయడానికి పాత ఓడలను కావాలనే ముంచేశారు. 1962లో చుట్టూ ఉక్కు గోడ కట్టి, నీళ్లు తోడి, ఐదు వైకింగ్ ఓడలను వెలికితీశారు. వాటిలో పెద్ద యుద్ధనౌక కలపలోని వలయాలు లెక్కించి చూస్తే, అది 1042 ప్రాంతంలో ఐర్లండ్‌లోని డబ్లిన్ దగ్గర కట్టిన ఓడ అని తేలింది.

మిగిలింది దానిలో నాలుగో వంతే. మ్యూజియం వాళ్లు అక్కడితో ఆగలేదు. పాత పద్ధతిలోనే గొడ్డళ్లతో చెక్కి, సుమారు 30 మీటర్ల అచ్చమైన నకలు కట్టారు. 2007లో తెడ్లతో, తెరచాపతో డబ్లిన్ దాకా నడిపించారు. కలప ఎలా చీల్చాలి, అలకు ఓడ ఎంత వంగుతుంది, తడిసిన మనుషులు ఎన్నాళ్లు తట్టుకోగలరు అనే ప్రశ్నలకు అద్దాల పెట్టెలోని చెక్క జవాబు చెప్పలేదు. చేతులు చెప్పాయి.

బీచ్‌లో నిలబడ్డ జలాంతర్గామి

ఇక మన విశాఖకు వద్దాం. ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కుర్సురాను చూడని ఉత్తరాంధ్ర పిల్లలు తక్కువ. కానీ దాని సర్వీసు రికార్డు ఎంతమందికి తెలుసు? నాటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ కాసింది. 31 ఏళ్ల సర్వీసులో సుమారు 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. అంటే భూమిని మూడుసార్లకు పైగా చుట్టినంత దూరం. 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. మామూలుగా అయితే తర్వాతి మజిలీ తుక్కు యార్డే. నౌకాదళం, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దాన్ని ఒడ్డుకు లాగి, ఇసుకలో పునాది వేసి నిలబెట్టాయి. 2002 ఆగస్టు 9న ప్రారంభమై, అదే నెల 24 నుంచి జనానికి తెరుచుకుంది.

లోపలికి వెళితే 91 మీటర్ల పొడవునా ఒకటే ఇరుకు దారి. ఏడు గదులు. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలు ఎత్తి దూరాలి. ఏ గదిలోకైనా నీళ్లొస్తే ఆ ఒక్కదాన్నే మూసేసి మిగతా ఓడను కాపాడుకోవడానికే ఆ ఏర్పాటు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. గోడలనిండా కవాటాలు, మీటర్లు, పైపులు. సుమారు 75 మంది ఈ ఇరుకులోనే వండుకుని, తిని, వంతులవారీగా నిద్రపోయి, వారాల తరబడి ఎండ మొహం చూడకుండా డ్యూటీ చేశారు. టార్పెడోల పక్కన వేలాడే ఆ సన్నటి పడకల్ని చూశాక దేశసేవ అనే మాటకు బరువు తెలుస్తుంది.

కుర్సురాలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి యంత్రాలు కాదు. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే ఇక్కడ గైడ్లు. ఏ కవాటం తిప్పితే ఏమవుతుందో వాళ్లు చదివి చెప్పరు, చేసి వచ్చిన అనుభవంతో చెబుతారు. వెళ్లినప్పుడు గబగబా ఫొటోలు తీసుకుని బయటపడకండి. ఆగి, ఒక ప్రశ్న అడగండి. సముద్రానికి అన్ని అడుగుల దూరంలో, ఉప్పుగాలిలో నిలబడ్డ ఇనుముకు తుప్పుతో పోరాటం తప్పదు. రంగులు, మరమ్మతులు ఎప్పుడూ జరుగుతూనే ఉండాలి. అందుకయ్యే ఖర్చును దండగ అనుకోకూడదు.

తీయకుండా ఉంచడమూ రక్షణే

కుర్సురాకు కాస్త దూరంలో, విశాఖ తీరం దగ్గరి సముద్రగర్భంలో మరో జలాంతర్గామి ఉంది. అది పాకిస్తాన్‌కు చెందిన ఘాజీ. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి, లోపలున్న 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. శత్రువులైనా వాళ్లూ నావికులే. అది వాళ్ల సమాధి. నీటి అడుగున ఉన్న వారసత్వ సంపద గురించి 2001లో యునెస్కో చేసిన ఒప్పందం కూడా ఇదే చెబుతుంది: పైకి తీయడం గురించి ఆలోచించే ముందు, ఉన్నచోటే ఉంచి కాపాడే మార్గం చూడాలి.

సీసపు నాణెం మీద రెండు తెరచాప కొయ్యలు

శాతవాహనుల కాలపు ఓడ ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. కానీ దాని బొమ్మ ఉంది. తూర్పు తీరంలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ స్పష్టంగా కనిపిస్తుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో ఉన్న ఓడ నాణేలు చరిత్రకారులకు బాగా పరిచయం. ఓ రాజు తన నాణెం మీద ఓడ ముద్ర వేయించుకున్నాడంటే సముద్ర వ్యాపారం ఆ రాజ్యానికి ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. కృష్ణా జిల్లా ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒక ‘మహానావికుడి’ ప్రస్తావన ఉంది. బౌద్ధ స్తూపానికి దానం చేసిన కుటుంబాల్లో సముద్రం మీద తిరిగినవాళ్లూ ఉన్నారన్నమాట.

నావికుడికి రాజు ఇచ్చిన అభయం

బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రాలయంలో ఒక రాతి స్తంభం ఉంది. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం దానిమీద చెక్కి ఉంది. అంతకుముందు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా తీరాన్ని ఏలే రాజులు లాగేసుకునేవారు. ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకుడు అసలే ఓడ పోగొట్టుకున్నాడు, మిగిలింది కూడా దక్కేది కాదు. ఆ పద్ధతిని గణపతిదేవుడు రద్దు చేశాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు. ఎగుమతులు, దిగుమతుల మీద 30వ వంతు సుంకం పెట్టాడు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పట్టు, మిరియాలు... ఏ సరుకుకు ఏ లెక్కో రాతి మీదే చెక్కించాడు. నావికుణ్ణి మనిషిగా చూసిన ఈ శాసనం తెలుగు నేల మీద ఉండటం మనకు గర్వకారణం. దాన్ని గుడిలో ఓ పాత రాయిగా వదిలేయకుండా, ప్రతి బడి పిల్లాడికీ చూపించాలి.

మేకు లేకుండా కుట్టిన పడవ

కోరమండల్ తీరంలో ఒకప్పుడు మసూలా పడవలు ఉండేవి. వాటికి మేకులు ఉండవు. పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అలలు విరిగే చోట మేకులు కొట్టిన పడవ నేలకు కొట్టుకుంటే పలకలు పగులుతాయి. కుట్టిన పడవ వంగి, సర్దుకుని ఒడ్డెక్కుతుంది. మద్రాసుకు సరైన రేవు లేని రోజుల్లో ఓడల నుంచి సరుకూ మనుషులూ ఒడ్డు చేరింది ఈ పడవల్లోనే.

ఆ కుట్టు విద్యను ఇప్పుడు మళ్లీ లేపుతున్నారు. అజంతాలోని 5వ శతాబ్దపు ఓడ చిత్రం ఆధారంగా కట్టిన ఐఎన్ఎస్‌వీ కౌండిన్య 2025 మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరింది. దీనికి నమూనా పటాలు లేవు, ఉన్నది గోడ మీది బొమ్మే. కేరళకు చెందిన బాబు శంకరన్ నాయకత్వంలో పనివాళ్లు వేల కుట్లు చేత్తోనే వేశారు. ఓడ నీళ్లలో ఎలా నడుస్తుందో ఐఐటీ మద్రాసులో నమూనాతో పరీక్షించారు. రోస్కిల్డేలో జరిగిందే ఇక్కడా జరిగింది. పోయిందనుకున్న విద్య మళ్లీ చేతుల్లోకి వచ్చింది.

కోరంగి ఇంకా చెప్పగలదు

కాకినాడ దగ్గరి కోరంగి, తాళ్లరేవు ఒకప్పుడు ఓడలు కట్టడంలో పేరుపడ్డ ఊళ్లు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టింది. గోదావరి తెచ్చిపోసిన మేట రేవును పూడ్చేసింది. పెద్ద ఓడలు పోయాయి గానీ, చెక్క పడవలు కట్టే పనితనం ఆ ప్రాంతంలో పూర్తిగా ఆరిపోలేదు.

వాసాకు చేసినంత ఖర్చు ప్రతి తీరమూ పెట్టలేదు. కానీ శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో డబ్బుతో పనిలేని పని చాలా ఉంది. పడవ కట్టే వడ్రంగి దగ్గర కూర్చుని, ఏ కలప ఎందుకు ఎంచుకుంటాడో, పలకను ఎలా వంచుతాడో ఫోనులో రికార్డు చేయవచ్చు. నీటి రంగునూ నక్షత్రాలనూ చూసి దారి చెప్పే ముసలి తండేలు మాటలు రాసిపెట్టవచ్చు. ఇంట్లో మూలపడ్డ పాత లంగరు, చుక్కాని, రేవు రశీదు తుక్కులో వేయకుండా దగ్గరలోని మ్యూజియానికి చూపించవచ్చు. రేపు మన తీరం మీద సముద్ర మ్యూజియం ఒకటి వెలిసినప్పుడు దానిలో పెట్టడానికి ఇవే ఉంటాయి. చెక్కను రసాయనాలు కాపాడతాయి, ఇనుమును రంగు కాపాడుతుంది. విద్యను మాత్రం అడిగి తెలుసుకున్న మనిషే కాపాడగలడు. ఆ అడగడం చెప్పేవాళ్లు ఉండగానే జరగాలి.